భూమవ్వ కొడుకుకు పక్క వెలుతురు

“రెండు దిక్కులకెల్లి ఎల్తురు గుద్దితె పెయ్యి మీద ఏమున్నదో ఎట్ల తెలుస్తది సారూ? గోడకు సున్నమేసినట్టయితది,” అంటూ సదానందం ఎడమవైపు లైటు ఆర్పేశాడు.

హుజూరాబాద్‌లో ఆయన స్టూడియో పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. గుర్తింపు కార్డు ఫోటో కోసం వచ్చిన బడిపంతులు గోపాల్ సారు, తన పని అయిపోయినా స్టూలు వదల్లేదు. ఎదురుగా నల్లగుడ్డ ముందు ఓంప్రకాశ్ చొక్కా విప్పి నిలబడ్డాడు. పగలు మరమగ్గం మీద పని, సాయంత్రం జిమ్. కరీంనగర్‌లో కొత్తగా తెరిచే జిమ్‌లో కసరత్తు నేర్పే ఉద్యోగం ఉంది. కండలు కనబడే ఒంటి ఫోటో రేపటిలోగా పంపాలి. అది కుదిరితే మగ్గాల మోత నుంచి బయటపడతాడు.

“పోయిన వారం ఒకటి తీసిన్రట కదా?” అన్నాడు గోపాల్.

సదానందం నవ్వాడు గాని, నవ్వులో సిగ్గుంది. “అది నా తప్పే. పెండ్లి ఫోటోలు తీసి తీసి చెయ్యి అట్ల అలవాటైంది. పిలగాడు రాంగనే మెడకాన్నుంచి నడుము దాంక పౌడరు రాసిన. ముంగట రెండు లైట్లు పెట్టిన. తెల్లగైతె వచ్చిండు. కండ ఒక్కటి కనవడలే. పిండిబొమ్మ లెక్కున్నడు.”

ఈసారి పౌడరు డబ్బా బల్ల కిందికి పోయింది. ముప్పై బస్కీలు, ముప్పై దండీలు తీయించి, ఒంట్లో రక్తం ఆడాక, కొబ్బరినూనె చుక్క అరచేతిలో రుద్ది భుజాలకు రాశాడు. మెరుపెక్కువైన చోట తువ్వాలతో అద్దాడు. మిగిలిన ఒక్క లైటును కుడిపక్కకు జరిపి, భుజం కంటే జానెడు ఎత్తులో నిలిపాడు. వెంటనే ఛాతీ కింద, పక్కటెముకల మీద నీడలు దిగాయి.

“మా బాపు గుంటమగ్గం కిటికీ పక్కకే ఉండె. పొద్దుటి ఎండ అడ్డంగ పడితె, పోగుల నడుమ నాడె ఇసిరినప్పుడల్ల ఆయిన వీపు మీద కండలు కదులుతుండె. సన్నపు మనిషే. గా ఎండల చూస్తె పెద్ద పైల్వాన్ లెక్క కనవడుతుండె,” అన్నాడు సదానందం.

వెలుతురు కుదిరింది, మనిషి కుదరలేదు. ఓంప్రకాశ్ ఫోన్లో చూసినవాళ్లలా పిడికిళ్లు బిగించి, ఊపిరి ఆపి, మెడ నరాలు ఉబ్బించాడు.

“మలబద్ధకమున్నోని లెక్క ఎందుకురా? ఊపిరి ఇడువు. బరువంత ఎనుక కాలు మీదెయ్యి. నడుము జర నా దిక్కు తిప్పు. చేతులు పక్కలకు అంటియ్యకు, నడుము లావు కనవడ్తది.”

అన్నీ చేశాడు. అయినా కొయ్యలాగే ఉన్నాడు. సదానందం కెమెరా దించాడు. తర్వాత మామూలుగా అన్నాడు: “ఓంప్రకాశూ, మగ్గం నడుస్తుంది. అగో, ఆ కొసకు పోగు తెగింది. అందుకో.”

పిలగాడు ఆలోచించలేదు. నడుము మెలితిరిగింది, ఎడమ మడమ లేచింది, కుడిచెయ్యి ముందుకు సాగింది. భుజం నుంచి తుంటి దాకా కండ తాడు పేనినట్టు తేలింది. గోపాల్ తనకు తెలియకుండానే స్టూలు మీద నుంచి లేచాడు. కెమెరా టక్కుమంది.

ఓంప్రకాశ్ వచ్చి కెమెరాలో ఫోటో చూసుకున్నాడు. “నేనేనా కాకా?” అన్నాడు. వెంటనే మొహం వాడింది. “అవ్వ పంపనియ్యదు. నల్లగున్న అంటది. పాతది పటం కట్టించింది, అదే పంపుమంటుంది.”

ఆ మాట తీసేయలేనిది. తల్లి భూమవ్వ నూలు కండెలు చుట్టిన పైసలతోనే కొడుకుకు రోజూ గుడ్లు, పాలు కొన్నది. ఆమె కాదంటే కొడుకు పంపడు.

సదానందం కొత్త ఫోటో అచ్చు తీసి, అట్టల మధ్య పెట్టి గోపాల్ చేతికిచ్చాడు.

“బస్టాండుకే గద సారూ పోయేది? తొవ్వలనే వాళ్ల ఇల్లు. నేను చెప్తె, నీ తప్పు కప్పుకుంటున్నవ్ అంటది. పంతులు మాటయితె ఇంటది. గీ నీడలల్లనే నీ గుడ్లు, నీ పాలున్నయని జర నువ్వే సమజ్ చెయ్యి. తెల్లగున్నది గోడకే ఉండనీ, గిది పంపుమను.”