వాల్టర్ గారి ఓటు

నేను పరువు పోగొట్టుకున్న సందర్భాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటి మాత్రం చెప్పేటప్పుడు నాకే నవ్వొస్తుంది, సగంలో ఆ నవ్వు ఆగిపోతుంది. మీరు నవ్వండి, నా గురించి బెంగపడకండి.

1980 శరత్కాలం. ఒహాయోలో ఒక ఉక్కు మిల్లు ఊరు. అప్పటికి ఏడాదిగా మిల్లు మూతపడి ఉంది. డ్రాఫ్ట్స్‌మన్‌గా నా ఉద్యోగం వేరేచోట కాబట్టి బతికిపోయాను. అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. నాకింకా పౌరసత్వం రాలేదు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు ఓటు లేదు గీటు లేదు, గెలిచేవాడి పేరు మాత్రం నా నాలుక చివర ఉండేది. "కార్మికుల ఊరు ఇది. ఇక్కడ మన పార్టీ ఓడడమా?" అని పార్టీ ఆఫీసులో అందరికీ ధైర్యం చెప్పేవాణ్ణి. గుంటూరులో రెండు ఎన్నికల్లో జెండా మోసిన అనుభవం మరి.

ఆఫీసు చూసుకునే జానిస్ నా ధైర్యానికి మెచ్చి ఒక వీధి అప్పగించింది. ఇంటికొక కార్డు. కార్డు మీద ఓటర్ల పేర్లు. ఎవరు మనవాళ్లో, ఎవరు ఊగిసలాడుతున్నారో అడిగి రాసుకురావాలి. మూడో కార్డు మీద పైన వాల్టర్, కింద డోరతీ.

తలుపు తీసింది డెబ్భై ఏళ్ల ఆవిడ. వాల్టర్ గారు ఉన్నారా అని అడిగాను.

"ఇప్పుడాయన మేపుల్ హిల్‌లో ఉన్నారు. ఏప్రిల్ నుంచి."

ఈ దేశంలో ప్రతి అపార్ట్‌మెంట్‌కూ ఏదో ఒక చెట్టు పేరే ఉంటుంది కదా. ఈ వయసులో విడిపోయారు కాబోలనుకుని గొంతు తగ్గించాను.

"అక్కడ ఆయనకు బాగుందాండీ?"

"ప్రశాంతంగా ఉంటుంది. ఆదివారం ఆదివారం వెళ్లొస్తాను."

"మరి ఆయన ఓటు మా పార్టీకేనా?"

"యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా మారలేదు. ఇకముందూ మారరు."

నా గుండె పొంగింది. "ఎన్నికల రోజు ఆయనకు కారు పంపిస్తాం."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "ఆయన రాగలిగితే నేనే వెళ్లి తెచ్చుకునేదాన్ని, నాయనా."

"నడవలేకపోయినా ఇబ్బంది లేదండీ, వీల్‌చైర్ ఎక్కించుకుంటాం."

ఆవిడ మెల్లగా తలుపు వేసేసింది. నేను మెట్ల మీదే నిలబడి కార్డు మీద రాసుకున్నాను: 'గట్టి మనిషి. కదల్లేడు. కారు కావాలి.'

మర్నాడు ఆదివారం. ఆయన చేతికే కరపత్రం ఇద్దామని నా భార్య సుశీలను కారులో వేసుకుని మేపుల్ హిల్ వెతుక్కుంటూ వెళ్లాను. గేటు దగ్గరి గదిలో ఉన్నాయన రిజిస్టరు తిప్పి, "ఆరో వరస, ఎడమ చివర" అన్నాడు. లోపల ఎటు చూసినా పచ్చిక. ఒక్క ఇల్లు కూడా లేదు.

సుశీల కారు ఆపమంది. "ఏమండీ, కింద చూడండి. రాళ్ల మీద పేర్లున్నాయి. ఇది సెమెటరీ."

తద్దినానికి పెళ్లిమేళం తీసుకెళ్లినవాడిలా అక్కడే బిగుసుకుపోయాను. వెనక్కి తిప్పుదామనుకునేలోగా ఆరో వరసలో డోరతీ గారు తలెత్తి చూశారు. తప్పించుకునే దారి లేదు. దిగి వెళ్లాను. కరపత్రాలు చేతిలోనే ఉన్నాయి.

"కారు తెచ్చావా?" అని అడిగారావిడ.

నేను కరపత్రాలు వెనక్కి దాచుకున్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశారు. సుశీల వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మిల్లు మూసినప్పుడు, మన పార్టీవాళ్లు చూసుకుంటారులే అనేవారు ఆయన. పోయే ముందు రోజు కూడా అదే మాట. ఒక్కరూ రాలేదు. ఆయన పోయాక పార్టీ తరఫున మా గడప తొక్కిన మొదటివాడివి నువ్వే. నువ్వు కూడా ఆయన ఓటు కోసమే వచ్చావు." తర్వాత అన్నారు, "నా పేరు కూడా ఆ కార్డు మీద ఉండే ఉంటుంది."

ఉంది. ఆయన పేరు కిందే ఉంది. నేను చదివాను కూడా. భర్త ఎటైతే భార్యా అటే కదా అని అడగనేలేదు. చనిపోయిన మనిషికి కారు పంపిస్తానన్నందుకు నన్ను నేను క్షమించుకోగలను. ఎదురుగా నిలబడిన మనిషిని అడగనందుకు మాత్రం ఈనాటికీ తల ఎత్తలేను.

"క్షమించండి. ఎన్నికల రోజు మిమ్మల్ని తీసుకెళ్లనా?" అన్నాను.

"తీసుకెళ్లు. బస్సులో వెళ్లాలంటే మోకాళ్లు నొప్పి."

తీసుకెళ్లాను. ఆవిడ ఓటేసి వచ్చి కారులో కూర్చున్నారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు, "అవతలివాడికి వేశాను. వాల్టర్ వింటే అన్నం ముట్టరు."

మా అభ్యర్థి ఓడిపోయాడు, మా రాష్ట్రంలోనూ ఓడిపోయాడు. మర్నాడు జానిస్ కళ్లు తుడుచుకుంటూ అడిగింది, "నీ వీధి మనదేనన్నావు కదా, ఏమైంది?"

"ఒక ఓటు సంగతి మాత్రం తెలుసు. నేనే కారులో తీసుకెళ్లి అవతలివాడికి వేయించాను" అన్నాను.

నాలుగేళ్లకు మాకు పౌరసత్వం వచ్చింది. పోలింగ్ పెట్టిన బడిలో మొదటిసారి ఓటేసి బయటికి వచ్చాక, ఎవరికి వేశావని సుశీలను అడిగాను. "చెప్పను" అంది. ఇక ఈ జన్మలో ఏ మనిషి ఓటూ ఎవరికో నాకు తెలుసని అననని, మా ఆవిడ ఓటైతే కలలో కూడా ఊహించనని, ఆ బడి మెట్ల మీదే కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను.