లిబర్టీ కొప్పు

ఈశ్వరయ్యను భోజనానికి పిలిస్తే వంట సంగతి ఎత్తడు. ఇంటావిడ మెడలో గొలుసు వంక చూస్తూ, ఆ అతుకు ఎవరు వేశారో అడుగుతాడు. భార్య చాముండేశ్వరి బల్ల కింద గిల్లినా మనిషి మారలేదు. ఆయన తాత బందరులో కంసాలి. మనవడు మాత్రం జార్జియాలోని కమ్మింగ్‌లో డేటాబేసులు చూసుకుంటాడు. చూపు ఒక్కటే తాతది.

కమ్మింగ్‌కు ఉత్తరాన కొండల్లో డలోనిగా అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు అక్కడి కొండల్లో దొరికిన బంగారంతో అక్కడే నాణేలు కొట్టేవారు. గద్ద బొమ్మ కింద చిన్న ‘డి’ అక్షరం ఉంటే అది ఆ ఊరి నాణెం. పదకొండేళ్లు వెతికి ఈశ్వరయ్య ఒకటి సంపాదించాడు, 1847 నాటిది. ఆ ఊరి నాణేలకు నాణేల క్లబ్బువాళ్లు ఏటా ప్రదర్శనలో ఒక అద్దాల పెట్టె కేటాయిస్తారు. ప్రతి నాణెం పక్కన యజమాని పేరు రాసిన చీటీ ఉంటుంది. ఆ పెట్టెలో ఒక్కసారైనా తన పేరు చూసుకోవాలని ఆయన కోరిక.

నాణెం మీద స్వేచ్ఛాదేవత లిబర్టీ తలకు కొప్పు, కొప్పుకు పూసల దండ. ఎంత చక్కగా చెక్కారో! కానీ చెవి పైన రెండు ముంగురులు చదునుగా ఉన్నాయి. అవి చేతులు మారి అరిగాయా, అసలు అచ్చే సరిగా పడలేదా? ఈ ప్రశ్న ఆయన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మకిలి అడ్డొస్తోందనుకుని, ప్రదర్శనకు రెండు రోజుల ముందు కుంకుడుకాయలు నానబెట్టాడు.

“దాన్ని ఇప్పుడు కెలకడం ఎందుకండీ? ఎల్లుండే కదా షో,” అంది చాముండేశ్వరి.

“కెలకడం కాదే, క్లీన్ చేస్తున్నా. మకిలి పట్టిన బంగారాన్ని మా తాత పూట కూడా ఉంచేవాడు కాదు.”

కుంకుడు నురగతో, పాత టూత్‌బ్రష్‌తో తాత నేర్పినట్టే తోమాడు. నాణెం తళతళలాడింది. ముంగురుల సంగతి మాత్రం తేలలేదు.

ప్రదర్శన రోజున క్లబ్బు పెద్ద నీల్ దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూసి, మెల్లగా పక్కన పెట్టాడు. తోమిన నాణేలను పెట్టెలో పెట్టరట. ఈశ్వరయ్య ముఖం మాడిపోయింది. అయినా ఎలా కనిపెట్టారని అడగకుండా ఉండలేకపోయాడు.

నీల్ తన నాణెం ఒకటి తీసి వంచాడు. దాని మీద సన్నని వెలుగు చక్రంలా తిరిగింది. అచ్చు దెబ్బకు బంగారం పారిన జాడ అదని చెప్పాడు. చదునుగా ఉన్న చోట కూడా ఆ వెలుగు తిరిగితే అచ్చు పడలేదన్నమాట. ఆగిపోతే అరిగిందన్నమాట.

ఈశ్వరయ్య తన నాణెం వంచి చూశాడు. అంతటా ఒకటే మెరుపు. నూట డెబ్బై ఏళ్లకు పైగా ఆ ముంగురుల మీదే ఉన్న జవాబును తన చేతులతోనే తోమేసుకున్నాడు. పేరు పోయినందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది.

కాసేపటికి తేరుకుని, రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టమని నీల్‌ను బతిమాలాడు. చూసేవాళ్లకు తేడా తెలుస్తుందన్నాడు. నీల్ ఆలోచించి సరేనన్నాడు. చీటీ ఈశ్వరయ్యే రాశాడు:

“డలోనిగా, 1847. ముంగురులు అరిగాయో, అచ్చు పడలేదో ఇక ఎవరికీ తెలియదు. తోమినవాడు ఈశ్వరయ్య.”