పందొమ్మిది ఒకట్ల ప్రధానం

అయిదు ఒకట్లను విరగ్గొట్టడం మా శామీర్‌పేట స్నిగ్ధ కష్టపడి సాధించిన మొదటి గెలుపు. పదో తరగతి సెలవుల్లో పదకొండు వేల నూట పదకొండును పట్టుకుని, మూడుతో భాగం పోదు, ఏడుతో పోదు అనుకుంటూ పోయి, చివరికి నలభై ఒకటి దగ్గర పగలగొట్టింది. ఇంటర్‌లో ఏడు ఒకట్ల పని పట్టింది. మేడ్చల్‌లో డిగ్రీ చదువుతూ గణిత పోటీలో మొదటి బహుమతి తెచ్చింది. ఇప్పుడు వరంగల్‌లో కాలేజీ పిల్లల సభకు పిలుపొచ్చింది. పందొమ్మిది ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య ఎందుకు ముక్కలు కాదో అక్కడ చెప్పాలి. పెద్దలు ఎన్నడో తేల్చిన సంగతే. విడమరిచి చెప్పే నోరు మాత్రం మన పిల్లది.

ప్రయాణం రేపనగా, బుచ్చవ్వ అరుగు మీద చిక్కుడు గింజలు ఒలుస్తూ మనవరాలి ఫోను మాటలు విన్నది.

“ప్రధానమేనే! మస్తు పరేషాన్ జేసింది గానీ ఇగ డౌటే లేదు. వరంగల్ల అందరి ముందట చెప్త.”

బుచ్చవ్వకు తెలిసిన ప్రధానం ఒక్కటే. ఉంగరం, చీర, తాంబూలం, రెండువైపులా చుట్టాలు. కొడుకు సుధాకర్ ప్లాట్ల బేరాలు ముగించుకుని గేటు తీశాడో లేదో, ఎదురెళ్లింది.

“నీ బిడ్డ వరంగల్ల ప్రధానం జేసుకుంటాందట!”

“ఏందీ? వరంగల్ బంద్!” అన్నాడు సుధాకర్, చెప్పులైనా విడవకుండా.

స్నిగ్ధ ఇంట్లోంచి పరుగున వచ్చింది. “నాయినా, అది సంఖ్య! ప్రధాన సంఖ్య!”

“సంఖ్యనా? గదేం పేరే పిల్లగానికి?” అన్నది బుచ్చవ్వ.

స్నిగ్ధ చాటలోంచి పన్నెండు గింజలు తీసి మూడు వరసల్లో నాలుగేసి పేర్చింది. ఇంకొకటి కలిపి, “ఇప్పుడు పేర్చవ్వా” అంది.

బుచ్చవ్వ అటు జరిపింది, ఇటు జరిపింది. “ఒక్కటి మిగుల్తాందే.”

“మిగుల్తది. పదమూడు ఒక్క వరసల తప్ప సమంగ కూసోదు. గట్లాంటిదే ప్రధాన సంఖ్య. నా పందొమ్మిది ఒకట్లదీ గదే మొండితనం.”

“అంటే మీ నాయిన గూడ దాన్ని వరసలు జేసి ప్లాట్లు కొట్టలేడా?”

“ఒక్క వరసల కొట్టొచ్చు.”

“ఆఖరి ప్లాటు కాడికి పోవాల్నంటే దునియా దాటాలె గదనే!”

సుధాకర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “గా వెంచరు నాకొద్దు గానీ, నువ్వు పో బిడ్డా. ఫోన్ల మాత్రం జర సాఫ్‌గ మాట్లాడు.”

“ఎన్నడొస్తవే?” అన్నది బుచ్చవ్వ, చుట్టాలకు ఏమీ చెప్పాల్సిన పని లేదన్న చిన్న నిరాశతో.

స్నిగ్ధ తెల్లవారే బయలుదేరింది. తిరిగి వచ్చేది డిసెంబర్ పద్నాలుగు, ఆదివారం.