గొర్రెల వంతు

మా ఊరి చర్చి ఎట్లా పెరిగిందని అడిగితే పాస్టరు అయ్యగారి ప్రసంగాల వల్ల అని మాత్రం నేను చెప్పను. ఆయన బంగారం లాంటి మనిషి. కానీ వాక్యం ఎత్తుకున్నాడంటే సగం మంది కునుకు తీస్తారు. ఏడు ఇళ్లతో మొదలైన చర్చికి ఇప్పుడు చాపలు చాలక బయట పందిరి వేశారు. అది గొర్రెల వల్ల జరిగింది.

ముదిగుబ్బ దాపున మాది. వేరుశనగ ఎండిపోతే గొర్రెలే దిక్కు. వాటికి ఆదివారం అని తెలియదు, పొద్దెక్కితే ఆకలి. అందుకని చర్చి వాళ్లు వంతు పెట్టుకున్నారు. ఆదివారం ఒక ఇంటివాళ్లు అందరి గొర్రెలనూ గుట్టకు తోలుకుపోతారు, మిగిలినవాళ్లు ఆరాధనకు పోతారు. సాయంత్రం అందరూ ఆ ఇంటి దొడ్డి దగ్గర చేరి, పొద్దున విన్న వాక్యం వాళ్లకు చెప్పి, టీ తాగి పోతారు. ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ చెబుతుంటే, అప్పట్లో చర్చికి పోని నేను గోడ ఇవతల నుంచి నవ్వేదాన్ని.

ఒక ఏడు వాన లేదు. గొర్రెల మేతకు తుమ్మకాయల కోసం గుట్టెక్కి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. భర్త పోయి చాలా కాలం. నా పద్నాలుగు గొర్రెలను మేపే దిక్కు లేక సంతకు పంపేద్దామనుకున్నాను. మరునాడు పొద్దున్నే దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప లాగిన చప్పుడు. చూస్తే పక్కింటామె, వరసకు నాకు వదిన. చర్చి మనిషి.

"యాడికి తోలుకపోతాండావు నా గొర్లని?" మంచంలోంచే అరిచాను.

"గుట్టకు. నీ పక్కన పండుకోబెట్టమంటావా?"

"నేను మీ చర్చి మనిషిని కాదు కదా వదినా!"

"ఆ సంగతి గొర్లకు చెప్పు. అవి ఒప్పుకుంటే నేను ఎనక్కి పోతా."

నాలుగు నెలలు వంతులేసుకుని మేపారు. చర్చికి రమ్మని ఒక్కరూ అడగలేదు. అదే నాకు కోపం తెప్పించింది. కర్ర పట్టుకుని నేనే పోయాను. కొన్నాళ్లకు అందరి ముందూ లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, నాకెప్పుడు వంతు ఇస్తారు?"

"కాలు బాగుపడనీ అవ్వా, తొందరేముండాది?"

"మేపించుకుంటా ఉంటే నేను చుట్టాన్నే. ఇంటి మనిషిని కాను. రాయండి నా పేరు."

చర్చి తలుపు పక్కన నల్లబల్ల మీద వంతులు రాసి ఉంటాయి. అందులో నా పేరూ ఎక్కింది. నాకు చదువు రాదు కాబట్టి ప్రతి వారం వదినను అడిగేదాన్ని. "నీది ఇంకా రాలేదులే" అనేది. ఎవరిని అడిగినా అదే మాట. నాకు అనుమానం వచ్చింది. అరవై దాటినదాన్ని, పలక పట్టుకుని పాస్టరు భార్య ముందు కూర్చున్నాను. ముందు నా పేరు నేర్పమన్నాను.

ఒక ఆదివారం నల్లబల్ల ముందు నిలబడి కూడబలుక్కున్నాను. ఆ వారం వంతు నాదే. చాప మీద చూస్తే వదిన లేదు. బయటికొచ్చి చూస్తే గుట్ట మీద, గాలిమరల కింద గొర్రెలతో ఉంది.

సాయంత్రం ఆమె దొడ్డి దగ్గర నిలదీశాను.

"నా వంతుకు నువ్వు పోతాంటివా?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"నల్లబల్ల చెప్పింది. ఎన్నిసార్లు పోయినావు?"

వదిన చీపురుపుల్ల తుంచుతూ నేల చూసింది. "ఇది మూడోసారి."

"అయితే వచ్చే మూడు ఆదివారాలూ నావే."

"ఓ మొండిదానా, ఆ కాలు మళ్లీ ఇరిగితే?"

"ఇరిగితే మేపేవాళ్లు ఉండారు కదా!"

ఆ తర్వాతి ఆదివారం కుంటుకుంటూనే అందరి గొర్రెలనూ మేపుకొచ్చాను. సాయంత్రానికి నా దొడ్డి ముందు అందరూ వచ్చి కూర్చున్నారు. అయ్యగారు తానే లేచి, పొద్దుటి ప్రసంగం మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. కాసేపటికే వదిన నా భుజం మీద తల వాల్చి గురక పెట్టింది.

నేను మాత్రం చివరి మాట దాకా కన్ను మూయలేదు.