ఊరు రాగానే దిగేదాన్ని

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. ఊళ్లో ఆడవాళ్ల కోసం సాయంత్రం బడి పెట్టినప్పుడు, మిరపకాయల తొడిమలు తీసిన చేతులు ఇంకా మండుతుండగానే పలక పట్టాను. అయితే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి అదొక్కటే కారణం కాదు. నేను ఏం రాసినా మా ఆయన వెనక నుంచి వంగి చదివేవాడు. ఊరగాయ జాడీకి అంటించిన చీటీని కూడా వదిలేవాడు కాదు. ఆయన చదవకూడని మాట నా దగ్గర ఒక్కటే ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా భుజం మీదుగా చూసేవాళ్లు లేరు.

ఈ వేసవిలో ఒక పొద్దున ఇద్దరు తెల్లవాళ్లు, మొగుడూ పెళ్లాం, చెరొక సైకిలు మీద వచ్చి మా గేటు ముందు ఆగి మంచినీళ్లు అడిగారు. వెనక క్యారియర్ల మీద గుడారం చుట్ట, గిన్నెలు, ఆరేసిన తువ్వాలు. వాళ్లది డెన్మార్క్ అనే దేశమనీ, అక్కడ వేసవి వస్తే ఆలుమగలు ఇలా సైకిళ్ల మీద పల్లెలన్నీ తిరిగి, చీకటిపడిన చోట గుడారం వేసుకుంటారనీ మా మనవరాలు వాళ్లతో మాట్లాడి చెప్పింది. "ఎంత బాగుందో చూడవ్వా" అంది. "మేమూ పోయినాం" అన్నాను. అది నమ్మలేదు. ఆ తెల్లపిల్ల నీళ్లు తాగి, కందిన ముక్కు తుడుచుకుని, మొగుడికన్నా ముందే తన సైకిలెక్కి మలుపు తిరిగింది. ఆ రోజంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు.

మాది కోవూరు పక్కన వరి పండించే ఇల్లు. మా ఆయన అరికాల్లో చక్రం ఉందని మా అత్త అనేది. కోతలై గడ్డివామి వేశాక ఆయనకు ఇల్లు పట్టేది కాదు. కంచం ముందు కూర్చుని వీధి వైపు చూసేవాడు. సైకిలు గొలుసుకు నూనె పోశాడంటే ఇక పోయినట్టే, పదిరోజులో పన్నెండు రోజులో. ఎక్కడికంటే సముద్రం వైపు అనేవాడు. తిరిగొచ్చేసరికి ఒళ్లు నల్లబడి, మనసు చల్లబడి ఉండేది. ఆ చల్లదనమే నాకు కడుపులో మంట. మా తోడికోడలు దాన్ని ఆరనిచ్చేది కాదు. "పన్నెండు దినాలు సముద్రాన్ని చూస్తాడంటనా? ఆ తడ ఊరి దిక్కున ఇంకో పొయ్యి వెలుగుతున్నట్టుండాది, చూసుకోమే" అంది ఒకసారి, చేటలో బియ్యం చెరుగుతూ, నవ్వుతూనే. దానికి నవ్వే. నాకు మాత్రం మూడు వేసవులు నిద్ర లేదు.

నాలుగో వేసవి ఆయన నూనె డబ్బా తీయగానే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "నేనూ వస్తా."

"యాడికి?"

"మీరు పోయే కాడికి."

కాదంటాడనీ, కాదంటే నా అనుమానం నిజమేననీ కాచుకుని ఉన్నాను. ఆయన నన్నొకసారి, క్యారియర్‌నొకసారి చూసి, "ఎండకు తట్టుకోలేవు మే" అన్నాడు. "కోతల్లో తట్టుకోలా?" అన్నాను. మా అత్త అరుగు మీద నుంచి, "తీసకపోరా. ఒకపాలి మాడితే మళ్లీ అడగదు" అని తీర్పు చెప్పింది.

మా గుడారం వడ్లు ఆరబోసే బరకం. గోతాలు విప్పి కుట్టినది, దులిపినకొద్దీ వడ్లగింజలు రాలుతుండేవి. సైకిలుకు ఒక కొస, పాతిన కర్రకు ఒక కొస కట్టి కింద దూరేవాళ్లం. ఒక సత్తుగిన్నె, బియ్యం మూట, మామిడికాయ ఊరగాయ, మార్చుకోవడానికి చెరొక జత బట్టలు. పెన్న దాటి తూర్పుకు తిరిగి, సముద్రం వెంబడి పడవలు నడిచే కాలువ గట్టు పట్టుకుని దక్షిణానికి పోయాం. రెండువైపులా సరుగుడు తోటలు. మధ్యాహ్నం సముద్రం గాలి లేచిందంటే ఆయన నిలబడి తొక్కినా సైకిలు కదలదు. అప్పుడు ఇద్దరం దిగి తాటిచెట్ల కింద ముంజలు తినేవాళ్లం. చల్లటి ముంజ నోట్లో ఉండగా కూడా నా కళ్లు ముందున్న దారి మీదే.

ఒక ఏర్పాటు మాత్రం ఉంది. ఊరు రాగానే నేను దిగాలి. అరుగుల మీద పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు, పెళ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని వాళ్ల ముందు నుంచి పోవడం మర్యాద కాదు. నేను కొంగు కప్పుకుని నడిచి వచ్చేలోపల ఆయన సైకిలు తొక్కుకుంటూ ముందు పోయి ఊరి చివర ఆగేవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, నా కాళ్లే దిగేవి. అలా ఎన్ని ఊళ్లు నడిచానో. ప్రతి ఊళ్లో ఆ కాసేపు ఆయన నా కంటికి కనపడడు. ఆ కాసేపట్లోనే ఏదో జరిగిపోతుందని నాకు దడ. గుమ్మాల్లో నిలబడ్డ ప్రతి ఆడమనిషి మొహం చూసేదాన్ని. చంకలో బిడ్డ ఉంటే ఆ బిడ్డ ముక్కు చూసేదాన్ని, మా ఆయన ముక్కు కొంచెం వంకర లెండి. పైగా అందరికీ ఆయన తెలుసు. "వచ్చినావా సైకిలన్నా?" అని దుకాణం వాళ్లు, "ఈ తూరి జతగా వచ్చినాడే!" అని చేపల గంపలవాళ్లు. నేను నవ్వేదాన్ని. నా పళ్ల వెనక ఏముందో ఆయనకు తెలియదు.

ఆరో రోజు సాయంత్రానికి పులికాట్ సరస్సు ఒడ్డుకు చేరాం. వేసవికి నీళ్లు ఎక్కడికో వెనక్కి పోయి, కనుచూపు మేర నెర్రెలిచ్చిన నేల. శ్రీహరికోటలో రాకెట్ల మాట ఇంకా పుట్టని రోజులు, దూరంగా అడవి నల్లటి గీతలా కనిపించేది. మధ్యలో ఒక తిప్ప, దాని మీద ఒక గుడిసె, పొగ. గుడిసె ముందు నుంచి ఎవరో ఆడమనిషి చెయ్యెత్తి ఊపింది. మా ఆయన కూడా చెయ్యెత్తాడు. ఇదే పొయ్యి అనుకున్నాను.

"పోదాం పదండి" అన్నాను.

"చుట్టు తిరిగి పోవాల. ఇట్టా పోకూడదంట."

"ఎందుకు పోకూడదు? ఎట్టా ఆరిందో చూడండి, ఎడ్లబండి పోతుంది దీని మీద." నెర్రె విచ్చిన చేలో బండి తోలుకోవచ్చని వరి పండించే ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఆయన పిలుస్తున్నా వినకుండా దిగి నడిచాను. ఇరవై అడుగులు నేల బాగానే మోసింది. తరువాత పైన పెచ్చు విరిగింది, కింద నల్లటి బురద, మోకాళ్ల దాకా, పీకినకొద్దీ తొడల దాకా. ఆయన ఆ కంగారులో సైకిలుతో సహా పరిగెత్తుకొచ్చాడు. సైకిలు ఇరుసు దాకా దిగింది, ఆయన నడుము దాకా. అంత ఆపదలోనూ నేను తిప్ప వైపే చూస్తున్నాను, ఆమె ఎంత వయసుదా అని.

ఆమె తాటిమట్టలు ఈడ్చుకుంటూ, వాటిని ఒక్కొక్కటే ముందు పరుచుకుంటూ వచ్చింది. మా అత్త వయసుది. "ఏందిమే, వరిమడి అనుకున్నావా?" అని తిడుతూ నన్ను మట్టల మీదికి లాగింది. "ఏందయ్యా, నీ పెళ్లానికి ఈడ నేల సంగతి చెప్పలా?" అని ఆయన్నీ తిట్టింది. ఇద్దరం పాకి బయటపడ్డాం. మట్టల మీద పడుకుని సైకిలును లాగేసరికి పొద్దు వాలింది.

ఆమె వెంట తిప్ప చేరాక, ఇసకలో తవ్విన చెలమ దగ్గర ఆమె నా కాళ్ల మీద నీళ్లు పోస్తుంటే అడిగేశాను. "అవ్వా, మా ఆయనకు ఈడ ఎవురైనా ఉండారా?"

ఆమె చెంబు ఆపింది. తరువాత ఒళ్లంతా ఊగేలా నవ్వింది. "ఉంటే ఒక్క తూరన్నా చీరో సారో తెచ్చుండడా? వస్తాడు, ఆ ఒడ్డున కూకుంటాడు, పోతాడు. మా మొగోళ్లు చేపల కోసం పోతారు. ఈయన దేనికి వస్తాడో నాకూ తెలీదు బిడ్డా."

మనసు తేలిక పడాలి కదా. పడలేదు. మనిషయితే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. ఏమీ లేకపోతే దేన్ని పట్టుకోను? ఆమె పెట్టిన చేపల పులుసు తిన్నాక, చల్లారుతున్న పొయ్యి పక్కన ఆయన్నే అడిగాను, ఇక్కడ ఏం చేస్తారని.

ఆయన పుల్లతో బూడిద కెలికాడు. "ఏమీ చెయ్యను. ఇంటికాడ నారనీ, నీళ్లనీ, కోతలనీ ఎవురో ఒకరు పిలుస్తానే ఉంటారు. ఈడ ఎవురూ పిలవరు."

"ఇప్పుడు నేను వచ్చినా కదా?"

"నువ్వు యాడ పిలిచినావు? నా కన్నా ముందు పోయి మునిగినావు" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ దారి పొడుగునా ఆయనతో కలిసి నవ్వింది అదే మొదలు. ఎందుకు మునిగానో మాత్రం చెప్పలేదు, ఆ రోజే కాదు, యాభై ఎనిమిదేళ్లూ. చెప్పి ఉంటే ఆయన బాధపడేవాడు కాదేమో, నవ్వేవాడేమో. అదీ భయమే నాకు.

మరుసటి రోజు పొద్దున బురద ఆరి పెళ్లలుగా రాలుతున్న సైకిలు మీద బయలుదేరాం. మొదటి ఊరు రాగానే ఆయన అలవాటుగా బ్రేకు నొక్కాడు. నా కాళ్లు కిందికి జారబోయాయి. ఆపుకున్నాను.

"దిగు మే. ఊరు."

"నేను దిగను. పోనీయండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అరుగుల మీద పెద్దవాళ్లు నోళ్లు తెరిచారు, ఒకాయన చుట్ట కూడా జారవిడిచాడు. నేను కొంగు నడుముకు చుట్టి, సీటు కింద స్ప్రింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గుమ్మాల్లో ఆడవాళ్లు ఉండే ఉంటారు, ఒక్కరి మొహమూ వెతకలేదు. ఆయన తొక్కాడు, మొదట మెల్లగా, తరువాత గట్టిగా. నడిచి దాటినప్పుడు ఎంతకీ తరగని వీధి నాలుగు ఊపిర్లలో అయిపోయింది. ఆ తరువాతి యాభై ఎనిమిదేళ్లూ అలాగే అయిపోయాయి.