రెండో చూపు

ఆసుపత్రి మొదటి అంతస్తులో, ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటోంది. అందరూ స్లైడ్లమ్మ అనేవారు. నెత్తురు చుక్కను గాజుపలక మీద వేసి, ఇంకో పలక అంచుతో ఒక్క ఊపున లాగితే పల్చగా పరుచుకుంటుంది. దానికి రంగు పట్టించి, ఆరనిచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి తెల్లకణాలు నూరు లెక్కపెట్టాలి. ఏ రకం ఎన్ని ఉన్నాయో, ఉండకూడనివి ఏమైనా చేరాయో రాయాలి. చెప్పుకోవడానికి పని ఇంతే. కానీ ఆ రాతకోసం గుమ్మం బయట తల్లులు, తండ్రులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడేవారు. ఆమె ఎవరినీ కసురుకునేది కాదు. ఇంకా చూడలేదు, కూర్చోండి, కాసిని మంచినీళ్లు తాగండి అని తనే లేచి గ్లాసు అందించేది.

ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి స్లైడునూ ఇద్దరు చూడాలి. ఒకరు ఏం రాశారో ఇంకొకరికి తెలియకూడదు. సాయంత్రం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. రెండో చూపు చూసే ఆయన వయసులో ఆమెకంటే పెద్ద, ఉద్యోగంలో చిన్న. స్లైడు మీద నెత్తురు పూత పల్చబడి ఆగిపోయే చివరను తోక అంటారు. ఆయన ముందు అక్కడికి వెళ్లి వెతికేవాడు. అందుకని ఆసుపత్రంతా ఆయనకి తోక బాబాయి అని పేరు పెట్టింది. పెద్ద కణాలు లాగిన ఊపుకి చివరికి కొట్టుకుపోతాయని ఆయన వాదన. అక్కడ కణాలన్నీ నలిగిపోయి ఉంటాయి, మీకు దుమ్ము కూడా దయ్యంలా కనిపిస్తుందని ఆమె ఆటపట్టించేది. మొదట్లో ఆమె కూడా ఒకసారి తోక చూసేది. పని పెరిగాక మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. ఇద్దరికీ తేడా వచ్చినచోట పెద్ద డాక్టరుగారు ఎక్కువగా ఆమె రాసిందానికే సంతకం పెట్టేవారు.

నాలుగేళ్ల కిందట స్లైడ్లు చదివే యంత్రం వస్తుందన్నారు. ఒక ఇంజనీరు, నెమ్మదస్తుడు, వచ్చి పదేళ్ల స్లైడ్లకు ఫొటోలు తీసుకున్నాడు. ఏ కణం స్లైడులో ఎక్కడ కనిపించిందో గుర్తు పెట్టిన రెండు పుస్తకాలూ తీసుకున్నాడు. యంత్రం వీటిని చూసే నేర్చుకుంటుందమ్మా అన్నాడు. మీ ఇద్దరికీ తేడా వచ్చినచోట ఎవరిది ఒప్పు అనుకోమంటారు అని అడిగాడు. ఆమె లెక్కలో ఉంది. తల ఎత్తలేదు.

"నాదే తీసుకో నాయనా. బాబాయిగారు అన్నిటికీ భయపడతారు."

బాబాయి అప్పుడు ఆ గదిలోనే, కిటికీ దగ్గర స్లైడు మీద వేసే నూనెను సీసాలోకి వంపుకుంటున్నాడు. మూడు నెలలకి ఆయన కుర్చీ తీసేసి అక్కడ యంత్రం పెట్టారు.

అది నూటికి తొంభై ఎనిమిదిసార్లు ఆమెతో ఏకీభవించేది. పోస్టుమాను పని చేసి దిగిపోయిన ఆమె భర్త ఈ మాట విని, ముప్పై ఏళ్ల కాపురంలో నాకు చేతకానిది అది మూడు నెలల్లో నేర్చుకుందే అని నవ్వాడు. ఆమెకూ లోపల గర్వంగానే ఉండేది.

ఆసుపత్రి మెట్లు తుడిచే మనిషి ఒకతె ఉంది. అందరికీ మెట్లక్క. స్లైడ్లమ్మకి మోకాళ్ల నొప్పులని తెలిసి, తడి మెట్ల మీద పొడి గోనె పరిచి, పైకి చేరేదాకా చేయి పట్టుకునేది. క్రితం ఏడు మెట్లక్క ఊరికే అలిసిపోవడం మొదలైంది. చేతుల మీద కమిలిన మచ్చలు. స్లైడ్లమ్మే పిలిచి, కూర్చోబెట్టి, నెత్తురు తీసి చూసింది. ఏమీ లేదు. యంత్రమూ ఏమీ లేదంది. కడుపునిండా తిను, బలానికి మాత్రలు వేసుకో అని పంపించింది.

నాలుగు నెలలకి మెట్లక్క మెట్ల మీదే కుప్పకూలింది. ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ నెత్తురు చూడగానే రక్త క్యాన్సరని చెప్పారు.

ఆ కబురు విన్న రోజు స్లైడ్లమ్మ పాత పెట్టె తీసి ఆ స్లైడు వెతికింది. తను ఎప్పుడూ చూసే నడిమి భాగం మూడుసార్లు చూసింది. ఏమీ లేదు. అప్పుడు స్లైడును మెల్లగా తోక వైపు జరిపింది. పదకొండు. పెద్ద పెద్ద కణాలు, ఉండకూడనివి, గట్టుకు చేరిన నురగలా అంచున వరసగా ఆగి ఉన్నాయి. నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాయి. అదే స్లైడును యంత్రంలో పెట్టింది. దోషం లేదు అంది యంత్రం.

ఇంజనీరును పిలిపించింది. అతను చాలాసేపు తెరమీద వెతికి, తలవంచుకుని చెప్పాడు.

"అమ్మా, ఇది తోక వైపు చూడటమే లేదు. అక్కడ మీరు పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు. బాబాయిగారు పెట్టినవి మనం తీసేశాం."

"నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెబుతుందన్నావు కదా నాయనా?"

"మీతో పోల్చి అన్నానమ్మా. ఎవరో ఒకరిని కొలతగా పెట్టుకోవాలి కదా. మిమ్మల్ని పెట్టుకున్నాం."

ఆ తర్వాత ఆమెకు ఆ గదిలో ఒంటరిగా కూర్చోవాలంటే భయమేసేది. ఇన్నాళ్లూ రెండు జతల కళ్లు కాపలా ఉన్నాయనుకుంది. ఉన్నది ఒక్క జతే. పక్క కుర్చీ స్థానంలో తనే, పదేళ్ల కిందటి తను, మొహంలేకుండా కూర్చుని, తను ఏమంటే దానికి తలూపుతున్నట్టు ఉండేది. దేవుడా, నేను చూడనిది నాకెలా చూపిస్తావు అని పైట చెంగు కళ్లకు ఒత్తుకునేది.

మెట్లక్కను చూడటానికి వెళ్లింది. పండ్లు పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మెట్లక్క తిట్టలేదు. కాళ్లు ముడుచుకుని, కూర్చోండమ్మా అని మంచం మీద చోటిచ్చింది. అప్పుడు అంది.

"మీరు చూశారన్న ధైర్యంతోనే ఆ నాలుగు నెలలూ హాయిగా నిద్రపోయానమ్మా."

ఎత్తిపొడుపు కాదది. నిజంగా కృతజ్ఞతతో అన్న మాట. తిట్టి ఉంటే ఎంతో బాగుండేదని స్లైడ్లమ్మ ఇంటికి వచ్చి భర్తతో చెప్పుకుని ఏడ్చింది.

పెద్ద డాక్టరుగారు మంచివారే. మనుషులం, పొరపాట్లు జరుగుతాయి, ఇకనుంచి తోక కూడా చూడండి అన్నారు. పాత స్లైడ్ల పెట్టెలు మాత్రం నెలాఖరుకి పారేయాలి, చోటు లేదన్నారు. ఆ పెట్టెల్లో ఇంకెంతమంది ఉన్నారోనని ఆమె భయం. తన తప్పును తన చేత్తో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అన్నీ మళ్లీ చూడనివ్వమని ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, సరేనన్నారు.

కానీ చూసేదెవరు? తను చూస్తే మళ్లీ తన కళ్లే. తిన్నగా తోక బాబాయి ఇంటికి వెళ్లింది. ఆయన కోడలి కుట్టుమిషను పక్కన కూర్చుని, చిక్కుపడ్డ దారాలు విడదీస్తున్నాడు. విషయం విని, చేతిలో దారం వదలకుండానే అన్నాడు.

"అన్నిటికీ భయపడేవాణ్ణి. నేనెందుకు తల్లీ నీకు?"

"భయపడేవాళ్లే కావాలి బాబాయిగారూ."

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

ఇరవై ఆరు రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పాత పద్ధతే, రెండు పుస్తకాలు. తోకల్లో పంతొమ్మిదిమంది దొరికారు. వాళ్లకు ఉత్తరాలు రాసి, పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఆమె భర్త మళ్లీ పాత సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. పదిహేడు చేరాయి. రెండిళ్లలో ఉత్తరం తీసుకోవాల్సిన మనిషి లేడు. ఆ రెండూ ఆయన ఆమెకు చూపించలేదు. ఆమె అడగనూ లేదు.

యంత్రానికి మళ్లీ నేర్పడానికి ఇంజనీరు వచ్చాడు. ఈసారి ఇద్దరికీ తేడా వచ్చినచోట ఎవరి మాటా తీసుకోవద్దు, అక్కడ తెలియదని చెప్పడం దానికి నేర్పు అంది స్లైడ్లమ్మ. అతను అలాగేనమ్మా అని రాసుకున్నాడు. రాసుకుంటూ ఉన్నట్టుండి ఆగాడు.

"మరి మీ ఇద్దరూ ఒకే మాట చెప్పి, ఇద్దరూ తప్పయిన చోట?"

దానికి మూడో మనిషి కావాలి అన్నాడు బాబాయి. తర్వాత నాలుగో మనిషి అని తనే అనుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మెట్లక్కకు వైద్యం సాగింది. ఆలస్యమైనందువల్ల బతికే అవకాశం సగం సగమని అక్కడివాళ్లు అన్నారు. తొమ్మిది నెలలకి ఆమె కొత్త స్లైడు ఈ గదికే వచ్చింది. స్లైడ్లమ్మ నడుమ చూసింది, తోక చూసింది, రెండు అంచులూ చూసింది. నూరు కాదు, అయిదు వందలు లెక్కపెట్టింది. మళ్లీ రోజూ వస్తున్న బాబాయి విడిగా చూశాడు. యంత్రం చూసింది. ముగ్గురిదీ ఒకే మాట. మామూలుగా అయితే అక్కడ 'దోషం లేదు' అని రాయాలి. అన్నేళ్లుగా రాసిన మాటే. ఆమె కలం కదల్లేదు. చివరికి 'మాకు కనిపించలేదు' అని రాసింది.

గుమ్మం దగ్గర మెట్లక్క నిలబడి ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది, మనిషి సగమైంది.

"ఏమని రాశారమ్మా?"

"మాకేమీ కనిపించలేదని రాశాం."

"అంటే లేనట్టేగా?"

స్లైడ్లమ్మ లేచి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అవునని అనడం ఎంత తేలిక. ఆ ఒక్క మాటతో ఆ మనిషి ఇవాళ నిద్రపోతుంది.

"వచ్చే నెల మళ్లీ రా," అంది. "మళ్లీ చూస్తాం."