కళ్లు చూసే అక్క

ఖుర్సీపార్‌లో మా కిరాణా కొట్టు ముందు కూరలమ్మే అక్క, ఎవరు నీరసంగా కనబడినా కింది కనురెప్ప లాగి, కళ్లు పచ్చబడ్డాయేమో, కామెర్లేమో అని చూసేది. "తెల్లగుంది, ఏటీ నేదు, ఎల్లు" అనేది.

ఆమె భర్త హెపటైటిస్‌తో లివర్ చెడి చనిపోయాడు. ఇంట్లోవాళ్లకూ అంటుకునే జబ్బని ఆమెనూ రక్తపరీక్ష చేయించుకోమన్నాడు డాక్టరు. అద్దంలో తన కళ్లు తెల్లగానే ఉన్నాయని ఆమె వెళ్లలేదు. కళ్లు పచ్చబడకముందే లివర్ గట్టిపడిపోవచ్చని విన్నప్పటి నుంచి నాకు గుబులు. కొట్టువాణ్ణి కదా, తూకం మీద కొసరు వేసినట్టు పరీక్షకు నా చెయ్యి కూడా చాపుతానని చెప్పి ఒప్పించాను.

మర్నాడు రిపోర్టులొచ్చాయి. ఆమెకేమీ లేదు. నాకుంది.

"ఇంట్లో సెప్పినావేటి, తమ్ముడూ?"

భార్యకూ పాపకూ పరీక్ష చేయించాలన్న మాట ఇంకా చెప్పలేదన్నాను. కూరల బుట్ట అక్కడే వదిలేసి ఆమే వెళ్లి, ఇద్దరినీ పరీక్షకని ఆటోలో తీసుకొచ్చింది.